చెరువు ఏరేటర్లకు ఫైబర్‌గ్లాస్ చక్రాలు: లోపలి ఫోమ్, జిగురుల ఎంపిక

చేపల, రొయ్యల చెరువుల్లో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. పగటిపూట ప్రాణవాయువును విడుదల చేసే వృక్షప్లవకాలే రాత్రంతా శ్వాసక్రియకు దానిని వాడుకుంటాయి. అడుగున కుళ్లే మేత, మలినాలు మిగిలినదానిని హరిస్తాయి. ఆ గంటల్లో ఏరేటర్ ఆగిపోతే ఒక పంటకాలపు పెట్టుబడి ఒక్క రాత్రిలో పోవచ్చు. మోటారు, గేర్‌బాక్సు, విద్యుత్ సరఫరాల గురించి రైతులు, విస్తరణ సిబ్బంది తరచు చర్చిస్తారు. నీటిని కొట్టే చక్రం గురించి చర్చ తక్కువ. చక్రం సొంతంగా తయారుచేసుకున్నదైనప్పుడు మాత్రం ఆ చర్చ తప్పనిసరి.

ఏలూరు, వట్లూరుల నుంచి కైకలూరు, ఆకివీడుల వరకు కొల్లేటి చుట్టూ చెరువుల సాగు 1970ల చివరి నుంచి విస్తరించింది. బొచ్చె, శీలావతి వంటి చేపలతో మొదలైన ఈ సాగులోకి, దేశంలో 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించిన తరువాత, అధిక సాంద్రత పెంపకం ప్రవేశించింది. దానితోపాటు ఏరేటర్ విలాసవస్తువు కాక అవసరమైన పనిముట్టు అయింది. మార్కెట్లో దొరికే ఏరేటర్ల చక్రాలు సాధారణంగా అచ్చుపోసిన నైలాన్ లేదా పాలీప్రొపిలీన్‌వి. వాటి పరిమాణంలోనే చక్రం కావలసినవారు ఇంట్లో తయారీకి దిగవలసిన పని లేదు. అచ్చు చక్రం చవక, దాని మన్నిక ముందే తెలిసినది. కొలత మారినప్పుడే సమస్య మొదలవుతుంది. తౌఫిక్ అహ్మద్, క్లాడ్ ఇ. బాయిడ్ 1988లో ప్రచురించిన పరిశోధనలో సుమారు 90 సెం.మీ. వ్యాసం, 135 డిగ్రీల కోణంతో త్రిభుజాకారంలో వంచిన రెక్కలు, 10 సెం.మీ. అటూఇటూ మునక, నిమిషానికి 80 నుంచి 90 భ్రమణాలు గల చక్రం సమర్థమైనదిగా తేలింది. అంత పెద్ద చక్రాన్ని ఇనుముతో చేస్తే బరువు, తుప్పు. చెక్కతో చేస్తే నానుడు. మేత పడవలు, నీటితొట్ల మూలంగా ఫైబర్‌గ్లాస్ పని ఈ ప్రాంతానికి కొత్తది కాదు కనుక, మధ్యలో ఫోమ్ పెట్టి రెండువైపులా ఫైబర్‌గ్లాస్ పొరలు వేసిన చక్రం సహజంగానే ఆలోచనకు వస్తుంది.

ఆలోచన సరైనదే. అయితే పడవ, తొట్టి చేసిన అనుభవం చక్రానికి యథాతథంగా పనికిరాదు. ఫోమ్‌ను, రెజిన్‌ను, జిగురును వేరువేరుగా, ఏది చవకగా దొరికితే దానిని తెచ్చి కలిపితే ఆ చక్రం మొదటి పంట పూర్తికాకముందే పొరలు విడుతుంది. ఈ మూడింటినీ ఒకే నిర్ణయంగా తీసుకోవాలి.

పొరల మధ్య ఫోమ్ చేసే పని

ఒక పలుచని ఫైబర్‌గ్లాస్ పలకను మందంలో సగానికి చీల్చి, ఆ రెండు పొరల మధ్య తేలికైన ఫోమ్ పెట్టి మొత్తం మందాన్ని రెట్టింపు చేస్తే, వంగుడును తట్టుకునే బిరుసు సుమారు 7 రెట్లు అవుతుంది. మందాన్ని నాలుగింతలు చేస్తే అది సుమారు 37 రెట్లు. పెరిగే బరువు మాత్రం నూటికి కొద్ది పాళ్లే. వంగినప్పుడు ఒక పొర సాగుతుంది, రెండవది నొక్కుకుంటుంది. వాటిని దూరంగా నిలిపి ఉంచుతూ, రెంటి మధ్య జారుడు బలాన్ని మోసేది ఫోమ్. పొర ఫోమ్‌ను వదిలిన క్షణంలో ఈ లెక్క అంతా తలకిందులై, మిగిలేవి రెండు పలుచని రేకులు మాత్రమే. అందువల్ల పొరకు, ఫోమ్‌కు మధ్యనున్న అతుకే ఈ నిర్మాణానికి ప్రాణం.

ఆ అతుకుపై పడే భారం ఎంతో సామాన్య గణితంతో తెలుసుకోవచ్చు. 2 హెచ్.పి. మోటారు నాలుగు చక్రాలను నిమిషానికి 100 భ్రమణాలతో తిప్పుతున్నదనుకుంటే, గేర్‌బాక్సు నష్టాలు పోగా ఒక్కొక్క చక్రానికి సుమారు 30 న్యూటన్ మీటర్ల మెలిబలం అందుతుంది. ఇరుసు నుంచి 30 సెం.మీ. దూరంలోని రెక్కల వద్ద ఇది 10 కిలోల బరువుకు సమానమైన తోపు. అదే మెలిబలం ఇరుసు నుంచి 5 సెం.మీ. దూరంలోని బోల్టుల వద్ద 60 కిలోల బరువంత అవుతుంది. రాత్రికి 10 గంటలు నడిస్తే 60 వేల భ్రమణాలు. చక్రానికి 8 రెక్కలుంటే 4 లక్షల 80 వేల దెబ్బలు. 120 రోజుల పంటలో 72 లక్షల భ్రమణాలు. పడవ అడుగుభాగం తన జీవితకాలంలో ఇన్నిసార్లు ఒకేచోట ఊగిసలాడదు. ఒకసారి లాగితే ఊడని అతుకు, లక్షలసార్లు కొద్దికొద్దిగా లాగితే ఊడవచ్చు. చక్రాన్ని చేత్తో వంచి చూసి 'గట్టిగా ఉంది' అని తృప్తిపడడం ఈ కారణంగానే మోసపుచ్చుతుంది.

థర్మాకోల్‌ను కరిగించే రెజిన్

ఫైబర్ పడవల పనివారు సాధారణంగా వాడేది అసంతృప్త పాలియెస్టర్ రెజిన్. దానిలో సుమారు 35 నుంచి 45 శాతం స్టైరీన్ ద్రవం ఉంటుంది. థర్మాకోల్ అనేది అదే స్టైరీన్ నుంచి తయారైన పాలీస్టైరీన్ ఫోమ్. పాలియెస్టర్ రెజిన్ పూసిన కొద్ది నిమిషాల్లోనే థర్మాకోల్ మంచుగడ్డవలె కుంగి, గుంటలు పడి, చివరకు జిడ్డుగా మిగులుతుంది. వినైల్ ఎస్టర్ రెజిన్‌లోనూ స్టైరీన్ ఉన్నందున ఫలితం అదే. కాగితం అంటించో, రంగు పూసో థర్మాకోల్‌ను కాపాడవచ్చని కొందరు ప్రయత్నిస్తారు. ఒక సూదిమొన రంధ్రం చాలు, రెజిన్ లోపలికి చేరడానికి. పైగా ఆ కాగితమే, ఆ రంగే పొరకు, ఫోమ్‌కు మధ్య అత్యంత బలహీనమైన అంతస్తు అవుతుంది.

ఎపాక్సీ రెజిన్‌లో స్టైరీన్ ఉండదు. థర్మాకోల్‌ను అది కరిగించదు. ఈ ఒక్క గుణంపై ఇంట్లో తయారయ్యే విమానాల పరంపరే నిలబడింది. అమెరికాకు చెందిన బర్ట్ రూటన్ రూపొందించి 1975లో ఎగిరిన వేరీఈజ్ విమానం రెక్కలు, వేడి తీగతో కోసిన పాలీస్టైరీన్ ఫోమ్‌పై ఎపాక్సీతో ఫైబర్‌గ్లాస్ వస్త్రం పరచి, అచ్చు అవసరం లేకుండా తయారైనవి. పెట్రోలు తగిలే చోట మాత్రం ఆయన పాలీస్టైరీన్‌ను వదిలి యురెథేన్ ఫోమ్ వాడారు, ఎందుకంటే పెట్రోలు కూడా పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. గట్టుపై ఇంజను నడిచే చెరువుల్లో, ఇంధనపు డబ్బా పక్కనే చక్రాన్ని ఆనించి ఉంచే అలవాటున్నచోట, ఈ హెచ్చరిక విమానాలకే పరిమితం కాదు.

ఎపాక్సీని ఎంచుకున్న తరువాత ఫైబర్ రకాన్నీ మార్చవలసి ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. పడవల పనిలో వాడే, ముక్కలు చేసిన పోగుల మ్యాట్‌ను పట్టి ఉంచే బంధకం సాధారణంగా స్టైరీన్‌లో కరిగి పోగులను విడదీసే రకం. ఎపాక్సీలో అది కరగదు కనుక మ్యాట్ సరిగా తడవక, ఒంపుల వద్ద లేచి నిలుస్తుంది. ఎపాక్సీకి నేసిన ఫైబర్‌గ్లాస్ వస్త్రం తగినది. ఒక పొరను నిలువుగా వేస్తే రెండవదానిని 45 డిగ్రీలు తిప్పి వేయాలి.

బరువు, ఖర్చుల లెక్క

60 సెం.మీ. వ్యాసం, 2 సెం.మీ. మందం గల ఫోమ్ బిళ్ల ఘనపరిమాణం సుమారు 5.65 లీటర్లు. ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత గల థర్మాకోల్ అయితే ఆ బిళ్ల బరువు 113 గ్రాములు. 80 కిలోల సాంద్రత గల గట్టి పీవీసీ ఫోమ్ అయితే 452 గ్రాములు. నాలుగు రెట్ల తేడా పెద్దదిగా కనిపిస్తుంది. కాని ఇరువైపులా చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ రెండేసి పొరలు వేసి, గాజుకు రెండుంపావు రెట్లు పాలియెస్టర్ రెజిన్ పట్టిస్తే పొరల బరువే సుమారు 1 కిలో 650 గ్రాములవుతుంది. దాని పక్కన ఫోమ్‌లో ఆదా చేసిన 340 గ్రాములు స్వల్పం. తేలిక కోసం బలహీనమైన ఫోమ్‌ను ఎంచుకోవడం ఈ పనిలో అర్థంలేని పొదుపు.

అసలైన పొదుపు మరొకచోట ఉంది. అదే బిళ్లకు 300 గ్రాముల నేసిన వస్త్రం ఇరువైపులా రెండేసి పొరలు ఎపాక్సీతో వేస్తే గాజు 340 గ్రాములు, రెజిన్ దాదాపు అంతే. ఫోమ్ ఉపరితలం పీల్చేది దీనికి అదనం. పాలియెస్టర్ పద్ధతిలో పట్టిన రెజిన్ 1 కిలో 150 గ్రాములు. ఎపాక్సీ కిలో ధర ఎక్కువే, కాని కావలసినది అందులో మూడో వంతుకు దగ్గర. ధరల పట్టికను మాత్రమే చూసి ఎపాక్సీని తోసిపుచ్చే విద్యార్థి ప్రాజెక్టులు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

ఫోమ్‌ల విషయానికి వస్తే, నీటిలో తిరిగే చక్రానికి 60 నుంచి 80 కిలోల సాంద్రత గల గట్టి పీవీసీ ఫోమ్ అన్నింటికంటె నమ్మదగినది. దాని గదులు మూసుకొని ఉంటాయి, అది పాలియెస్టర్‌కూ ఎపాక్సీకీ ఓర్చుకుంటుంది, పదేపదే పడే దెబ్బలకు పొడికాదు. అది దొరకడమే కష్టం. దొరకనిచోట నొక్కి తీసిన పాలీస్టైరీన్ పలకలు, అంటే భవనాల పైకప్పులకు ఉష్ణనిరోధకంగా వేసే నున్నని గట్టి పలకలు, ఎపాక్సీతో కలిపి వాడవచ్చు. పూసలు కలిపి ఒత్తిన సాధారణ థర్మాకోల్‌లో పూసకు పూసకు మధ్య సందులుంటాయి, నీరు వాటిగుండా నడుస్తుంది. ఈ పలకల్లో ఆ సందులు లేవు. అయితే వాటి నున్నని పైచర్మాన్ని గరుకు కాగితంతో పూర్తిగా తీసివేయాలి. శీతల గిడ్డంగుల్లో వాడే పసుపు పాలీయురెథేన్ ఫోమ్ ఏ రెజిన్‌కూ కరగదు, సులభంగా చెక్కుకోవచ్చు. ఈ సుగుణాలు చూసి దానిని సిఫారసు చేయడం తొందరపాటు. తక్కువ సాంద్రతలో అది పెళుసు. వేలితో రాస్తే పొడి రాలుతుంది. చక్రం అదిరినకొద్దీ అతుకు కింది ఫోమ్ ఇలాగే పొడిగా మారి, జిగురు గట్టిగా ఉన్నప్పటికీ పొర విడిపోతుంది. తేలియాడే పీపాల లోపల నింపడానికి అది మంచిది, తిరిగే చక్రానికి కాదు.

కలపను మధ్యపొరగా వాడే మార్గమూ ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ, శుద్ధిచేసిన రబ్బరు కలప పడవలకు ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసే పద్ధతిని రూపొందించింది. నీటికి ఓర్చే ప్లైవుడ్‌తో పైన చెప్పిన బిళ్ల మూడున్నర కిలోల వరకు తూగుతుంది; ఇరుసు, బేరింగులు ఆ భారాన్ని మోయగలిగితే తొలిసారి ప్రయత్నించేవారి పొరపాట్లను ఎక్కువగా క్షమించేది ప్లైవుడే.

ఏ జిగురు ఎక్కడ

పొరలను ఫోమ్‌పైనే తడిగా వేసే పద్ధతిలో రెజినే జిగురు. అప్పుడు చేయవలసిన పని ఒకటే: ఎపాక్సీలో సూక్ష్మ గాజు బుడగల పొడి కలిపి, మజ్జిగ చిక్కదనంలో ఫోమ్‌కు ముందుగా పూసి, అది తడిగా ఉండగానే వస్త్రం పరచాలి. ఈ పూత లేకపోతే ఫోమ్ గదులు వస్త్రంలోని రెజిన్‌ను పీల్చుకొని అతుకును ఎండగడతాయి. విడిగా చేసి గట్టిపడిన పొరలను తరువాత అంటించే పద్ధతికి, ఫ్యూమ్డ్ సిలికా కలిపి చిక్కబరచిన ఎపాక్సీ కావాలి. రంపపు పొట్టు కలిపే అలవాటు చెరువు పనిలో మానాలి, ఎందుకంటే అది నీరు పీల్చుతుంది. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 7 శాతం కుంచించుకుపోతుంది. పొరల రెజిన్‌గా అది పనికివచ్చినా, మందపాటి జిగురుగా వాడితే అతుకును తనంతట తానే లాగి పగలగొడుతుంది.

దుకాణంలో దొరికే మిగిలిన జిగురుల గురించి రైతులు తప్పక అడుగుతారు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు తనలోని నీరు ఆవిరై గట్టిపడేది. మూసిన గదుల ఫోమ్‌కు, గాలి చొరని ఫైబర్ పొరకు మధ్య ఆ నీటికి దారి లేదు. వారాలు గడిచినా నడుమ తెల్లగా, తడిగానే ఉంటుంది. పాదరక్షలకు, ఫార్మైకాకు వాడే రబ్బరు జిగురులోని ద్రావకం థర్మాకోల్‌ను కరిగిస్తుంది. కరిగించని రకం దొరికినా ఎండవేడికి మెత్తబడి నెమ్మదిగా జారుతుంది. క్షణంలో అంటుకునే సయనోయాక్రిలేట్ కూడా థర్మాకోల్‌ను తినివేస్తుంది. అరల్డైట్ వంటి రెండు గొట్టాల ఎపాక్సీ మంచిదే. అయితే నిమిషాల్లో గట్టిపడే రకాలు నీటికి అంతగా ఓర్చవు, నెమ్మదిగా గట్టిపడేదానినే తీసుకోవాలి. ఎం-సీల్ రంధ్రాలు పూడ్చడానికి తప్ప భారం మోసే అతుకుకు కాదు. సిలికోన్ సీలెంటును చక్రం దరిదాపుల్లోకి రానీయకపోవడమే మేలు. అది ఒకసారి పూసినచోట తరువాత ఏ రెజినూ అంటదు.

నాభి, రంధ్రాలు

ముందు చెప్పిన 60 కిలోల బలం పడేది ఇరుసు దూరే మధ్యభాగం మీద. అక్కడ ఫోమ్ ఉండకూడదు. బోల్టు బిగిస్తే ఫోమ్ నలుగుతుంది, నలిగిన ఫోమ్ వదులవుతుంది, వదులైన బోల్టు రంధ్రాన్ని కోస్తుంది. బోల్టుల వలయానికి బయట మరో 4, 5 సెం.మీ. వరకు ఫోమ్‌ను తొలగించి, ఆ స్థానంలో నీటికి ఓర్చే ప్లైవుడ్ బిళ్లను ఎపాక్సీతో కూర్చాలి. ప్లైవుడ్‌లో వేసే ప్రతి రంధ్రాన్నీ ముందు పెద్దదిగా తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత సరైన కొలతకు తిరిగి తొలవాలి. ఇలా చేస్తే బోల్టు చెక్కకు కాక ఎపాక్సీకి ఆనుతుంది, నీరు చెక్కలోకి దిగదు. అదే కారణంతో రెక్కల్లో ఫోమ్ వద్దు. గాలిబుడగల కోసం రెక్కలకు రంధ్రాలుంటాయి. ఫోమ్ ఉన్న రెక్కకు ప్రతి రంధ్రమూ నీటికి తెరిచిన వాకిలి. రెక్కలను గట్టి ఫైబర్ పలకలుగానో నైలాన్‌తోనో చేసి, అవి బిళ్ల అంచుకు బిగిసేచోట కూడా చిన్న ప్లైవుడ్ ముక్కలు కూర్చడం మంచిది.

వేడి, తేమ

మే నెలలో ఏలూరు పరిసరాల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే మరిగి గట్టిపడుతుంది. ఒకేసారి ఎక్కువ కలపకుండా, నెమ్మది రకం హార్డెనర్‌తో, వెడల్పాటి పళ్లెంలో పోసి వాడాలి. ఉదయం పని మొదలుపెడితే మరొక చిక్కు. ఎండ ఎక్కినకొద్దీ ఫోమ్ పై గదుల్లోని గాలి వ్యాకోచించి తడి పొరలోకి బుడగలుగా చొచ్చుకువస్తుంది. వేడి తగ్గుముఖం పట్టే మధ్యాహ్నం తరువాత, నీడలో పని చేస్తే రెజిన్ లోపలికి పీల్చబడుతుంది. పూర్తిగా చీకటిపడే వరకు జాగుచేస్తే కొల్లేటి తేమకు ఎపాక్సీపై సబ్బువంటి జిడ్డు పొర ఏర్పడుతుంది. దానిని శుభ్రమైన నీటితో కడిగి, గరుకుపరచనిదే పై పొర వేయకూడదు.

గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల వద్ద మెత్తబడడం మొదలుపెడుతుంది. నీటిలో తిరిగే చక్రానికి ఆ బెడద లేదు. పంట విరామంలో గట్టుపై ఎండలో పడి ఉన్న ముదురురంగు చక్రానికి ఉంది. ఇంట్లో తయారైన విమానాలకు తెల్లరంగే వేయడానికి కారణం ఇదే. చక్రానికీ అదే వేయాలి. సూర్యకాంతి నుంచి ఎపాక్సీని కాపాడేదీ ఆ రంగే.

పనివారి భద్రత గురించి రెండు మాటలు విడిగా చెప్పాలి. పాలియెస్టర్ పనిలో వాడే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడును, కోబాల్ట్ వేగకారిని ఎన్నడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు, పేలుడు సంభవిస్తుంది. పెరాక్సైడు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు కనుక కళ్లద్దాలు తప్పనిసరి. వేడి తీగతో థర్మాకోల్‌ను గాలి ఆడేచోట కోయవచ్చు. యురెథేన్, పీవీసీ ఫోమ్‌లను అలా కోస్తే విషవాయువులు వెలువడతాయి. వాటిని రంపంతోనే కోయాలి.

చెరువులో దించే ముందు

ప్రయోగశాల లేకుండానే చేయదగిన పరీక్షలు మూడున్నాయి. కొనదలచిన ఫోమ్ ముక్కపై రెజిన్ చుక్క వేసి అరగంట చూడడం మొదటిది. అదే ఫోమ్‌పై 5 సెం.మీ. వెడల్పు పట్టీగా పొర వేసి, వారం తరువాత ఒక కొస నుంచి పెరికి చూడడం రెండవది: పొరకు ఫోమ్ అంటుకొని చిరిగివస్తే అతుకు ఫోమ్ కంటె బలమైనది, పొర నున్నగా ఊడివస్తే ఆ పద్ధతిని వదలాలి. మూడవది, అంచులు మూసిన నమూనాను తూచి, రాయి కట్టి చెరువులోనే పదిహేను రోజులు ముంచి, తుడిచి మళ్లీ తూచడం. చక్రం తయారైన తరువాత నాణెంతో అంగుళం అంగుళం తట్టి చూడాలి. ఖంగుమనే శబ్దం మధ్యలో ఎక్కడైనా డొల్లగా పలికితే అక్కడ పొర విడిపోయిందన్నమాట. ఈ తట్టుడు పరీక్షను వారానికొకసారి కొనసాగించడం విస్తరణ సిబ్బంది రైతుకు నేర్పదగిన అలవాటు.

వట్లూరులో ఇంజనీరింగ్ కళాశాల, తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, చుట్టూ వేల ఎకరాల చెరువులు ఉన్న ఈ ప్రాంతంలో, ఇటువంటి చక్రం విద్యార్థి ప్రాజెక్టుగా ప్రదర్శన బల్లపై ఆగిపోకుండా ఒక పూర్తి పంటకాలం నీటిలో తిరగాలి. ఆ పంటలో పాత నైలాన్ చక్రాలు గట్టుపై సిద్ధంగా ఉండాలి. కొత్త చక్రాన్ని నాలుగింటిలో ఒకదానిగా కాక, ఒకే ఇరుసుకు ఇరువైపులా సమాన బరువుగల జతగా అమర్చాలి. చెడిన చక్రాన్ని గట్టున విసిరివేయడం మాత్రం ఆమోదించదగినది కాదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందినది. పగిలిన చక్రం నుంచి రాలే తెల్లని పూసలు నీటిపై తేలి, చేపలూ పక్షులూ మింగే మేతవలె కనిపిస్తాయి.

మరమ్మతు విషయంలో ఒక జాగ్రత్త మిగిలింది. గట్టిపడిన పాలియెస్టర్‌పై ఎపాక్సీ చక్కగా అంటుతుంది. గట్టిపడిన ఎపాక్సీపై పాలియెస్టర్ సరిగా అంటదు, చీలిక లోపల థర్మాకోల్ ఉంటే దానిని కరిగిస్తుంది కూడా. చక్రం పగిలినప్పుడు రైతు దానిని తీసుకువెళ్లేది దగ్గరలోని పడవల పనివాని వద్దకు, అతని వద్ద ఉండేది పాలియెస్టర్. అందువల్ల తెల్లరంగు వేసిన తరువాత, నాభి పక్కన, చెరగని సిరాతో రెజిన్ పేరు, లోపలి ఫోమ్ పేరు, తయారైన తేదీ రాసి, దానిపై మరొక పలుచని రెజిన్ పూత వేయాలి.